గోడకు నేసిన నిమ్మచెట్టు

అల్ ఐన్, జిమీ వీధి, తూర్పు చూసే గోడ.
పడమటి గోడకు కడితే మధ్యాహ్నానికల్లా
కాయ కొమ్మ మీదే ఉడికిపోతుందని
గుల్ జమాన్ ఉస్తాద్ మొదటిరోజే చెప్పాడు.
ఆయనది పెషావర్ పక్క ఊరు, నాది సిరిసిల్ల.
భూమేశం అంటే నోరు తిరగక
భూమి అంటే ఏమిటని అడిగి
ఆ పూట నుంచి నన్ను జమీన్ అన్నాడు.
మా మధ్య సగం ఉర్దూ, సగం కత్తెర.

రౌండెబౌట్‌లో ఫైకస్ ఒంటె ఆయన చేతిదే.
ఆగస్టు వచ్చేసరికి మూపురం ఆకు రాల్చి
అది మేకవుతుంది.
మేకను చూసి సూపర్‌వైజర్ కురువిళ
జీతంలో కోత పెడతాడు.
కోత అనే మాటకు ఇక్కడ రెండర్థాలు.

గోడకు మేకులు దిగ్గొట్టి
జానెడు ఎడంతో ఆరు తీగలు లాగాం.
నేను ఒక్కో తీగను వేలితో మీటి
చెవి దగ్గర పెట్టుకున్నాను.
ఏం వింటున్నావన్నాడు ఉస్తాద్.
తానా, అన్నాను.
మరి బానా ఏదీ?
మోకాలెత్తు నిమ్మమొక్కను చూపించాను.
చాలాసేపు నవ్వాడు, తంబాకు ఉమ్మేసి మళ్ళీ నవ్వాడు.

విసనకర్రలా విప్పుతూ మూడేళ్ళు నేశాను.
జూన్‌లో తీగ కాలి, ఆనిన చోటల్లా బెరడు కమిలితే
నా నీలిగళ్ళ లుంగీ చింపి పేలికలు చుట్టాను.
మరమగ్గం అమ్మేసే ముందు
నేను తీసిన ఆఖరి గుడ్డ అది.
దాచుకుందామని తెచ్చింది కాదు
కట్టుకుందామని తెచ్చింది, కట్టాను.
పోగు తెగినప్పుడు మా నాయిన వేసే ముడే,
కొమ్మ లావెక్కితే కొంచెం జరిగేలా వదులు చేసి.

ముందుకొచ్చే కొమ్మ చెట్టుది కాదు,
నీ కత్తెరది.
ఇదీ ఉస్తాద్ చెప్పిన కాయిదా.
నాలుగో తీగ దగ్గర ఒకటి
నెలల తరబడి వరండా వైపు సాగుతుంటే
ఒక సాయంత్రం తీసేశాను.
శుభ్రంగా, కన్ను దగ్గర, ఏటవాలుగా.

పొద్దున ఐదున్నరకు
ఇథియోపియా పిల్ల తిగిస్త్
చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చింది.
కుర్చీలో షమ్మా, ఆ ఇంటి పెద్దావిడ, చూపు లేదు.
రోజూ ఆగే చోటే ఆగారు.
ఆవిడ చెయ్యి లేచింది,
గాలిలో ఒకచోటికి పోయి
వెనక్కొచ్చి
ఈసారి కాస్త పైకి పోయింది.
వేళ్ళు రెండూ ఆకు నలిపే తీరులో
ఒకదాన్నొకటి రాసుకున్నాయి.
తిగిస్త్ నా వైపు చూసింది.
నేను చీపురు తీసుకున్నాను.
కోసిన కొమ్మను రాత్రే
మున్సిపాలిటీ బండి ఎత్తుకుపోయింది.

పక్క కొమ్మ ముడి విప్పాను.
విప్పినా అది గోడను వదల్లేదు,
మూడేళ్ళ అలవాటు, అక్కడే చాపుకుని నిలబడింది.
దారం కట్టి ముందుకు వంచి
కింద ఒక రాయికి బిగించాను.
ఎంత ఎత్తో తెలియక
మధ్యాహ్నం ఎండకు పని ఆపే వేళ
వరండాలో ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుని
కళ్ళు మూసుకుని
చెయ్యి చాపి చూశాను.
అడుగున్నర తక్కువైంది.
వారానికి వేలెడు చొప్పున దారం కుదించాను.

కురువిళ ఫోటో తీసుకుని
ఇదేం డిజైన్, ఒంటి చెయ్యి, అన్నాడు.
ఉస్తాద్ అడ్డొచ్చి
జమీన్ ఒంటె చేస్తున్నాడు సాబ్, ఇంకా మెడే వచ్చింది, అన్నాడు.
అయినా యాభై దిర్హమ్‌లు కోత.

ఫిబ్రవరిలో పూత.
ఆ ఒక్క కొమ్మకు
లేతగా ఉన్నప్పుడే ముళ్ళన్నీ గోటితో గిల్లేశాను.
మిగతా చెట్టంతా
ముళ్ళతోనే ఉంది.